మిషన్‌కా, మనిషికా

కామారెడ్డిలో రైలు పట్టాలకు అవతలి కాలనీలో ఒకప్పుడు భూమక్క కోసం ఆడవాళ్లు పోట్లాడుకునేవాళ్లు. మా ఇంటికి ముందు రావాలంటే మా ఇంటికి ముందు రావాలని. మనిషి పొట్టి, నోరు పెద్దది, చేయి మాత్రం మహా శుభ్రం. ఆమె తోమిన గిన్నెలో మొహం చూసుకోవచ్చు. ఆమె మొహం చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదనుకోండి, అది వేరే మాట. పుట్టింది లింగంపేటలో, చిన్నప్పటి నుంచి చేసింది బీడీల పని. మొగుడు మస్కట్ పోయి అక్కడే ఇంకో సంసారం చూసుకున్నాడు. కూర్చుని ఏడిస్తే కడుపు నిండదని ఆమె బస్సెక్కి కామారెడ్డి వచ్చేసింది, చీపురు పట్టింది, తలెత్తుకుని బతికింది.

అలాంటి భూమక్కను ఒక బట్టల మిషన్, ఒక మెకానిక్, ఒక ఇంటావిడ కలిసి పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టారు. ఆమె వాళ్లను క్షమించలేదు. పోనీలే, క్షమించమని ఎవరైనా చెప్పి ఉంటే ఆ చెప్పినవాళ్ల మీద కూడా పగ పట్టేది.

ఇంటావిడ పేరు పద్మలత. భర్తకు ఎరువుల దుకాణం. ఇల్లు అద్దంలా పెట్టుకుంటుంది. మడమల నొప్పికి డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా మెత్తటి రబ్బరు చెప్పులు లేకుండా అడుగు వేయదు. బయటి చెప్పులు మాత్రం గేటు దాటి లోపలికి రాకూడదు. అంటే, ఆ ఇంట్లో పద్మలత చెప్పులతో తిరుగుతుంది, భూమక్క ఉత్త కాళ్లతో తిరుగుతుంది. కాలనీలో ఏ ఇల్లు చూసినా ఇదే వరస కాబట్టి ఇందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు.

మిషన్ వంటింటి వెనక కుళాయి దగ్గర ఉంటుంది. ఒక వానాకాలం పొద్దున అందులోంచి బట్టలు తీస్తుంటే భూమక్క చేయి చురుక్కుమంది. చీమ కుట్టిందనుకుంది. మర్నాడు మోచేతి దాకా జిల్లుమంది.

"అమ్మా, మిషన్ కొడుతున్నది," అని చెప్పింది.

పద్మలత చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి మిషన్ నెత్తిన అరచెయ్యి ఆనించింది. "ఏది? నన్ను కొట్టదేం? పని చెయ్యబుద్ధి కాకుంటే కాలేదని చెప్పు. మిషన్ మీద పెట్టకు."

భూమక్క కొన్నాళ్లు చేతికి పొడిగుడ్డ చుట్టుకుని బట్టలు తీసింది. ఒకరోజు ఆ గుడ్డ కూడా తడిసిపోయింది. దెబ్బ భుజం దాకా పాకింది. ఆమె కెవ్వుమంది, చేతిలోని బుట్ట ఎగిరిపోయింది, ఉతికిన బట్టలన్నీ వెళ్లి మోరీలో పడ్డాయి. అన్నిటికంటే ముందు పడింది పద్మలత కొత్త దుప్పటి.

దుప్పటి పోయాక గానీ మెకానిక్ రాలేదు. పేరు రమేశ్. ఎల్లారెడ్డి మనిషి, కామారెడ్డిలో షాపు. ఆ మిషన్ బిగించింది కూడా అతనే. వెనక సందులోంచి వచ్చాడు కాబట్టి మందపాటి బూట్లు విప్పలేదు. బర్రె వీపు చరిచినట్టు మిషన్‌ను రెండు చరుపులు చరిచాడు, ఖాళీగా ఒకసారి తిప్పాడు. జేబులో టెస్టర్ ఉంది, జేబులోనే ఉండిపోయింది. ఆ తర్వాత మూలన నిలబడ్డ భూమక్కను పైనుంచి కిందికి చూసి, ఒక మాట అన్నాడు.

"మేడం, మిషన్‌కు ఏం లేదు. మనిషికే ఉన్నది."

పద్మలత పడీపడీ నవ్వింది. భూమక్క చేతిలో ఆ మోరీ దుప్పటి ఇంకా కారుతూనే ఉంది.

ఆ ఒక్క మాట భూమక్క కొంప ముంచింది. పద్మలత దాన్ని కిట్టీ పార్టీలో చెప్పింది, గుళ్లో చెప్పింది, కూరగాయల బండి దగ్గర చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెం పెరిగింది. ముందు పనిదొంగ అన్నారు. తర్వాత ఆమెకు ఫిట్స్ ఉన్నాయన్నారు. చివరికి గాలి సోకిందన్నారు. గాలి సోకిన మనిషిని ఇంట్లోకి ఎవరు రానిస్తారు? ఒక్కో ఇంటి గేటూ మూసుకుంది. కాలనీ పిల్లలు ఆమెను చూడగానే కరెంటు స్తంభం పట్టుకుని "జ్జ్‌జ్‌జ్" అని వణకడం నేర్చుకున్నారు. కరెంటు భూమక్క అని పేరు పడింది. బట్టల మూట కట్టుకుని ఆమె మళ్లీ బస్సెక్కింది, ఈసారి ఎల్లారెడ్డి వైపు.

ఎల్లారెడ్డిలో అక్క దేవవ్వ ఉంది. అక్క కడుపులో పెట్టుకుని చూసుకుంటుందని వెళ్తే, ఆ కబురు ఆమెకంటే ముందే చేరింది. దేవవ్వ ఏడ్చింది, నిమ్మకాయలు తిప్పించింది, ఎవరో మంత్రగాడి దగ్గర నల్లదారంతో తాయెత్తు కట్టించింది. "నాకేం సోకలేదక్కా, మిషనే కొట్టింది," అని భూమక్క ఎంత మొత్తుకున్నా, "అవునవ్వ, మిషనే కొట్టింది, నువ్వు పండుకో," అని తల నిమిరింది. కాలనీ మొత్తం నవ్వినప్పుడు కూడా భూమక్కకు అంత నొప్పి కలగలేదు. సొంత అక్క తన మాట నమ్మకుండా తల నిమరడం ఆమెను లోపల కోసేసింది.

మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ప్రతి బీడీకీ దారం చుట్టేటప్పుడు అది రమేశ్ మెడ అనుకుని బిగించేది. ఈమధ్య నీ బీడీలు మంచి గట్టిగా ఉంటున్నాయని బీడీల సేటు మెచ్చుకున్నాడు. చేతులు చుడుతుంటే బుర్ర మాత్రం ఒకటే అడిగేది: పద్మలతను కొట్టలేదు, రమేశ్‌ను కొట్టలేదు, నన్నే ఎందుకు కొట్టింది? నా చేతుల్లో ఏముంది? చేతులు తిప్పి తిప్పి చూసుకునేది. ఒక్కోసారి, నిజంగానే నాకు ఏమన్నా సోకిందేమో అని ఆమెకే అనిపించేది. అలా అనిపించిన రోజు పద్మలత మీద కోపం రెట్టింపయ్యేది.

జవాబు బావ ఎంకయ్య పొలంలో దొరికింది. యాసంగి వరికి నీళ్లు పెడుతున్నారు. ఎంకయ్య మడిలోంచి బురద కాళ్లతో ఒడ్డెక్కి, మోటారు స్టార్టర్ డబ్బా దగ్గరికి పోతూ, ఒడ్డు మీద విప్పిపెట్టిన రబ్బరు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. చేయి లుంగీకి శుభ్రంగా తుడుచుకుని, అప్పుడు మీట నొక్కాడు. నొక్కి, చెప్పులు అక్కడే విడిచి మళ్లీ మడిలో దిగాడు.

"ఏంది బావ, దినమంత ఉత్త కాళ్లతోటి తిరుగుతవ్, డబ్బ కాడ మాత్రం చెప్పులేసుకుంటవ్?"

"తడి కాళ్లతోటి డబ్బ ముట్టుమంటవా? నేను సచ్చినంక మీ అక్కను నువ్వు సాదుతవా?"

భూమక్క చూపు ఒడ్డు మీది చెప్పుల దగ్గరే ఆగిపోయింది. పద్మలత మెత్తటి చెప్పులు కనిపించాయి. రమేశ్ మందపాటి బూట్లు కనిపించాయి. కుళాయి దగ్గరి తడి బండ మీద తన ఉత్త కాళ్లు కనిపించాయి. చెక్కపీట మీద నిలబడి బట్టలు తీసిన రోజుల్లో మిషన్ ఎప్పుడూ కొట్టలేదని కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ చేతుల్లో వెతికింది, కాళ్ల వైపు చూడనేలేదు. ముందు ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లంతా భగ్గుమంది.

ఫోన్ చేసి చెప్పొచ్చు. చెబితే పద్మలత ఏం చేస్తుంది? అయ్యో అంటుంది, పాత చెప్పుల జత ఒకటి పడేస్తుంది, రేపట్నుంచి రమ్మంటుంది. ఆ పని భూమక్కకు అక్కర్లేదు. ఆమెకు తన పేరు కావాలి. అది పదిమందిలో పోయింది కాబట్టి పదిమందిలోనే రావాలి. ఎవరు పోగొట్టారో వాళ్ల నోటితోనే రావాలి. అంతకు ఒక్క వీసం తగ్గినా ఆమెకు నిద్ర పట్టదు.

దేవుడు ఇలాంటి కోరికలు వింటాడో లేదో నాకు తెలియదు. అంజన్న మాత్రం విన్నాడు. పెద్ద హనుమాన్ జయంతి దగ్గర పడింది, ఎటు చూసినా కాషాయ లుంగీలు, మెడలో మాలలు. ఎల్లారెడ్డి బస్టాండు ముందు భూమక్కకు ఒక స్వామి ఎదురయ్యాడు. ఎండకు పెనంలా కాలుతున్న రోడ్డు మీద ఒంటికాలిమీద గెంతుకుంటూ నీడ వైపు వస్తున్నాడు. చూస్తే రమేశ్. సొంతూరి గుళ్లో మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నవాడు చెప్పులు వేయడు, అబద్ధమాడడు, ఆడది ఎవరైనా సరే మాత అని పిలుస్తాడు. భూమక్క కళ్లు అతని మాల మీద ఆగలేదు, సరాసరి కాళ్ల మీదికి దిగాయి.

"బాగున్నవా స్వామీ?"

రమేశ్ గుర్తుపట్టాడు. మాల లేకపోతే కరెంటక్కా అనేవాడే. నవ్వు ఆపుకుని, "బాగున్న మాత. నీ పానం మంచిగయిందా?" అన్నాడు.

"గిట్ల ఉన్న. స్వామీ, మాలల అబద్ధమాడొచ్చునా?"

"తప్పు మాత."

"మాటిచ్చి తప్పొచ్చునా?"

"తప్పితే అంజన్న ఊకుంటడా?"

"అయితే నాకొక మాటియ్యి. పద్మలతమ్మ ఇంటికి పోయినప్పుడు గా మిషన్ మీద తడి చెయ్యి పెట్టు. ఏమైతే అది అందరు వినంగ చెప్పు. ఏం కాకుంటే, నాకే గాలి సోకిందని నేను గాడనే ఒప్పుకుంట."

"గంతేనా మాత? వచ్చే మంగళారం గా ఇంట్లనే మాకు భిక్ష ఉన్నది. అందరుంటరు. పెడుత, చెప్త," అని నవ్వుతూ మాటిచ్చేశాడు. అతను తన కాళ్ల వైపు చూసుకోలేదు. ఆమె చూసుకోమని చెప్పలేదు. దెబ్బ గట్టిగా తగిలితే ఎట్లా అని ఒక్క క్షణం అనిపించింది. నాకు రోజూ తగిలినప్పుడు ఎవరికి అనిపించింది అనుకుంది. తగలనీ.

మంగళవారం పద్మలత ఇల్లు భజనతో హోరెత్తిపోతోంది. హాల్లో స్వాములు వరసగా విస్తర్ల ముందు కూర్చున్నారు. స్వాములకు భిక్ష పెట్టే రోజు ఇంట్లో ఎవరి కాళ్లకూ చెప్పులుండకూడదు. పద్మలత కూడా రబ్బరు చెప్పులు విప్పేసి, మడమల నొప్పికి మొహం ముడుచుకుంటూ వడ్డిస్తోంది. గుమ్మంలో భూమక్కను చూడగానే ఆ మొహం ఇంకొంచెం ముడుచుకుంది. భిక్షకు వచ్చిన మనిషిని పొమ్మనకూడదు. "రా భూమక్క," అంది నోటితో. ఎందుకొచ్చినవే అంది కళ్లతో.

"గిన్నెలు తోముత అమ్మా, పుణ్యమొస్తది," అని భూమక్క నేరుగా వెనక కుళాయి దగ్గరికి వెళ్లింది.

మిషన్ తిరుగుతోంది. స్వాములు చేతులు తుడుచుకునే తుండ్లు అందులో పడ్డాయి. తిన్న స్వాములు ఒక్కొక్కరే వచ్చి కుళాయి దగ్గర చేతులూ కాళ్లూ కడుక్కుంటున్నారు, బండంతా నీళ్లే. భూమక్క చెక్కపీట లాక్కుని మిషన్‌కు అడ్డంగా కూర్చుని గిన్నెలు తోముతోంది. ఇంకెవరి చెయ్యీ దానికి తగలనివ్వలేదు. ఆ దెబ్బను రమేశ్ ఒక్కడి కోసమే దాచిపెట్టింది.

రమేశ్ వచ్చాడు. వెంట కాలనీ ఆడవాళ్లు కొందరు, వాళ్ల వెనకే తమలపాకుల పళ్లెంతో పద్మలత. భూమక్క లేచి దారి ఇచ్చింది.

"మాట గుర్తున్నదా స్వామీ?"

"గుర్తున్నది మాత," అని అందరి వైపు చూసి కన్ను గీటి, కడుక్కున్న తడి అరచేతిని మిషన్ నెత్తిన దభీమని పెట్టాడు.

పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి ఎగిరింది. "అమ్మా!" అన్న కేక భజనను కూడా దాటి వినిపించింది. కాలు జారి నీళ్లలో చతికిలబడ్డాడు.

"అయ్యో, జారినవా స్వామి?" అంది పద్మలత.

"ఏమైంది స్వామీ?" అంది భూమక్క. "అందరు వినంగ చెప్తనన్నవ్."

రమేశ్ మోచేయి రుద్దుకున్నాడు. ఆడవాళ్ల మొహాలు చూశాడు. మెడలో మాల చూసుకున్నాడు. "జారలేదు మాత. కొట్టింది. మిషనే కొట్టింది," అన్నాడు.

ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. పద్మలత ఏదో అనబోయింది గానీ, లోపల గురుస్వామి ఆశీర్వాదానికి పిలుస్తున్నాడు. పళ్లెం పట్టుకుని చరచరా వెళ్లిపోయింది.

రమేశ్ బండిలోంచి టెస్టర్ తెచ్చాడు. భూమక్క కూర్చున్న చెక్కపీట ఎక్కి మిషన్ రేకుకు ఆనించాడు. టెస్టర్ ఎర్రగా వెలిగింది. స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడబీకి చేతిలోకి తీసుకుని, దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"ఏంది స్వామీ, బిత్తరపోయినవ్?"

"ఈడ మూడో పిన్ను ఉండాలె మాత, పొడుగుది. మిషన్ల కరెంటు లీకైతే గా పిన్ను నుంచి భూమిలకు పోతది. పిన్ను లేకుంటే రేకు మీదనే ఉంటది. చెప్పులు లేని మనిషి తడి చేత్తోని ముట్టిందనుకో, గా మనిషిల నుంచే పోతది."

"మరి పిన్నేడ పోయింది?"

అతని చెయ్యి మాల మీదికి వెళ్లింది. "నేనే కోసిన మాత. మిషన్ బిగించిన నాడు బోర్డుల పట్టలేదని నేనే కోసిపారేసిన."

ఇది భూమక్కకు తెలియదు. గుప్పెడు అడిగితే అంజన్న గంప నింపి ఇచ్చాడు. ఆమె ఒక అడుగు అతని మీదికి వేసింది. "నువ్వే కోసి, నువ్వే బూట్లేసుకోనొచ్చి, మనిషికే ఉన్నదంటివి. మా అక్క నాకు తాయెత్తు కట్టింది గదరా, నీ మాటకు!"

స్వామిని రా అన్నందుకు ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. రమేశ్ తల వంచుకుని మిషన్ వెనక రేకు విప్పాడు. లోపల ఎలుక చింపిరి గుడ్డలతో గూడు కట్టుకుంది, మోటారు వైరు ఒకచోట కొరికి ఉంది, తడిసిన గుడ్డపీలిక ఆ వైరుకూ రేకుకూ నడుమ అతుక్కుని ఉంది.

"గింకెన్ని ఇండ్లల్ల కోసినవ్ గిట్ల?" అంది భూమక్క.

"శానా ఇండ్లల్ల. ఈడ, ఎల్లారెడ్డిల."

"మాల తియ్యకముందే అన్ని ఇండ్లకు పో. గిట్లనే ఉత్త కాళ్లతోటి ఒక్కొక్క మిషన్ ముట్టుకోని చూడు."

"పోత మాత," అన్నాడు రమేశ్. పోయాడు కూడా, ఆ తర్వాత.

అంతలో పద్మలత నుదుట సిందూరంతో, తాంబూలం పళ్లెంతో తిరిగొచ్చింది. ఆడవాళ్లు ఒకేసారి మీద పడి చెప్పారు: మిషన్ నిజంగానే కొడుతుందట, పాపం భూమక్క అబద్ధమాడలేదట. పద్మలత ఒక్క క్షణం తటపటాయించింది. అయ్యో భూమక్కా, తప్పయిపోయింది అని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. భూమక్క కూడా దానికోసం ఆ ఒక్క క్షణం ఎదురుచూసింది.

"ఏమో, నన్నయితే ఎన్నడు కొట్టలే," అంది పద్మలత పళ్లెం సర్దుకుంటూ. "కొందరి ఒళ్లే గట్ల ఉంటది."

"గట్లనా అమ్మా? అయితే ఒక్కపారి మీరు ముట్టుండ్రి. ఇయ్యాల మీ కాళ్లకు చెప్పులు లేవు."

ప్లగ్గు రమేశ్ చేతిలోనే ఉంది. చెప్పబోయి నోరు తెరిచాడు. భూమక్క అతని వైపు ఒక చూపు చూసింది. మాలలో అబద్ధమాడకూడదు గానీ, నోరు మూసుకోకూడదని ఏ గురుస్వామీ చెప్పలేదు. రమేశ్ ప్లగ్గున్న చెయ్యి నెమ్మదిగా వెనక్కి పెట్టుకున్నాడు.

ఆడవాళ్లందరూ పద్మలతనే చూస్తున్నారు. వెనక్కి తగ్గితే పరువు దక్కదు. తడి బండ మీద ఉత్త పాదాలు ముడుచుకుంటూ ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. చూపుడు వేలు చాచింది. వేలి కొస రేకుకు తగిలీ తగలకముందే ఆమె ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"కొట్టింది! ఓ దేవుడో, సచ్చిన! భుజం దాక కొట్టింది!"

పళ్లెం గిరగిరా తిరుగుతూ పడింది, తమలపాకులు నీళ్లలో తేలాయి. ఆమె నిజంగానే భుజం పట్టుకుని వణుకుతోంది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. భూమక్క వెళ్లి రమేశ్ చేతిలోంచి ప్లగ్గు తీసుకుంది. తీగ పొడవునా పైకెత్తి, అందరికీ కనిపించేలా పట్టుకుంది. ఆ రెండు పిన్నులూ బోర్డులో లేవు, గాల్లో ఉన్నాయి.

"మిషన్‌కు ఏం లేదమ్మా," అంది. "మనిషికే ఉన్నది."

ముందు ఒక ముసలామె నవ్వింది. తర్వాత మిగిలినవాళ్లెవరికీ నవ్వు ఆగలేదు. హాల్లోంచి స్వాములు కూడా వచ్చి తొంగిచూశారు. పద్మలత భుజం మీది చెయ్యి తీయాలో ఉంచాలో తెలియక అలాగే నిలబడింది. భూమక్కకు జాలి వేయలేదు. తియ్యగా ఉంది ఆమెకు, లోపలి దాకా తియ్యగా ఉంది.

వంగి పళ్లెం ఎత్తింది, కడిగింది, పైటతో తుడిచింది. జబ్బకున్న నల్లదారం పళ్లతో కొరికి తెంపి, తాయెత్తు పళ్లెంలో పెట్టి, పద్మలత చేతికి అందించింది.

"కట్టుకోండ్రి అమ్మా. గాలి సోకినోళ్లకు మంచిగ పనిచేస్తదంట."

గేటు దగ్గర ఆమె చెప్పులు వేసుకుంటుంటే "జ్జ్‌జ్‌జ్" అని వినిపించింది. భూమక్క గిర్రున తిరిగింది. పిల్లలు స్తంభం పట్టుకుని వణుకుతున్నారు. వాళ్లు చూస్తున్నది మాత్రం ఆమె వైపు కాదు, పద్మలత ఇంటి వైపు. ఆమె ఎల్లారెడ్డి బస్సు కోసం నడిచింది. అక్కకు ముందు ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉంది.